సొంత కరెన్సీలో అప్పు పుట్టాలంటే

సంపాదకులకు నమస్కారం.

వర్ధమాన దేశాల ఆర్థిక స్థితి గురించి వచ్చే వార్తల్లో షేర్ల సూచీలకు దక్కే చోటు, ప్రభుత్వాలు, కంపెనీలు అప్పు తీసుకుంటూ అమ్మే పత్రాలైన బాండ్లకు దక్కడం లేదు. ఒక ప్రభుత్వం పదేళ్ల అప్పుకు ఎంత వడ్డీ కడుతోంది, ఆ అప్పు ఇచ్చిందెవరు, దాన్ని ఏ కరెన్సీలో తీర్చాలి అన్నవి సామాన్య పాఠకుడి కంటపడని విషయాలుగానే ఉండిపోయాయి. షేర్లు పడిపోతే మదుపరులు నష్టపోతారు. విదేశీ అప్పు మెడకు చుట్టుకుంటే మాత్రం మందులకు, ఇంధనానికి కూడా దేశం తడుముకోవాల్సి వస్తుంది. 2022లో శ్రీలంకలో జరిగింది అదే. ఇంత పెద్ద విషయం నిపుణుల మధ్యే నలగడం సరికాదన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

1990ల్లో తూర్పు ఆసియా ప్రజలు పొదుపులో ఎవరికీ తీసిపోలేదు. థాయ్‌లాండ్‌లో జాతీయాదాయంలో దాదాపు మూడో వంతు పొదుపే. అయినా అక్కడి కంపెనీలు, ఫైనాన్స్ సంస్థలు డాలర్లలో అప్పులు తెచ్చుకున్నాయి. దీర్ఘకాలానికి సొంత కరెన్సీ అయిన బాత్‌లలో అప్పు పుట్టే మార్కెట్ దేశంలో లేదు. డాలరుకు 25 బాత్‌ల దగ్గర మారకపు విలువ కదలదన్న ధీమా ఒకటి. దాంతో ఏడాది తిరక్కుండా తీర్చాల్సిన డాలర్లు, ఎన్నో ఏళ్లకు గానీ పెట్టుబడి తిరిగిరాని భవనాల్లోకి వెళ్లాయి. 1997 జూలై 2న ప్రభుత్వం బాత్ విలువను మార్కెట్‌కు వదిలేసింది. 1998 జనవరిలో డాలరు విలువ 50 బాత్‌లు దాటింది. కొత్తగా ఒక్క డాలరు అప్పు తేకపోయినా బాత్‌లలో చూస్తే బాకీ రెట్టింపైంది. సొంత కరెన్సీలో దీర్ఘకాలిక అప్పు పుట్టని ఈ దుస్థితికి బ్యారీ ఐకెన్‌గ్రీన్, రికార్డో హౌస్‌మన్ అనే ఆర్థికవేత్తలు 1999లో ‘ఆదిపాపం’ అని పేరు పెట్టారు.

ఆ దెబ్బ తర్వాత ఆగ్నేయాసియా కూటమి అయిన ఆసియాన్ దేశాలు చైనా, జపాన్, దక్షిణ కొరియాలతో కలిసి 2003లో ఆసియా బాండ్ మార్కెట్ల కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆయా దేశాల కంపెనీలు స్థానిక కరెన్సీల్లో జారీ చేసే బాండ్లకు హామీ ఇచ్చేందుకు 2010లో 70 కోట్ల డాలర్ల మూలధనంతో ఒక సంస్థ ఏర్పడింది. ఇవి మంచి ప్రయత్నాలే. కానీ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మెక్సికో అనుభవం.

1994లో మెక్సికో ప్రభుత్వం డాలరు విలువతో ముడిపెట్టిన ‘టెసోబోనో’లనే స్వల్పకాలిక బాండ్లను విచ్చలవిడిగా అమ్మింది. డిసెంబరులో ఆ దేశపు కరెన్సీ పెసో విలువ కూలింది. మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం 50 శాతం దాటింది. ధరలు అలా ఎగబాకుతుంటే ముప్పై ఏళ్లకు అప్పిచ్చేవాడు ఎక్కడ దొరుకుతాడు? అలాంటి దేశం 2000లో సొంత కరెన్సీలో స్థిర వడ్డీతో మూడేళ్ల, ఐదేళ్ల బాండ్లు జారీ చేయగలిగింది. 2001లో పదేళ్లవి, 2003లో ఇరవై ఏళ్లవి, 2006లో ముప్పై ఏళ్లవి వచ్చాయి. ఒక్కో మెట్టూ నిలదొక్కుకున్నాకే తర్వాతి మెట్టు ఎక్కింది. 1994 నుంచి స్వతంత్ర ప్రతిపత్తి పొందిన కేంద్ర బ్యాంకు ధరలను క్రమంగా అదుపులోకి తెచ్చింది. 1997లో మొదలైన వ్యక్తిగత పింఛను ఖాతాల్లో చేరుతున్న సొమ్ముకు దీర్ఘకాలిక బాండ్లు అవసరమయ్యాయి. వేలం ఎప్పుడు, ఎంత మొత్తానికి అన్నది ముందే చెప్పి ఆ మాట మీద నిలబడటం కూడా మదుపరులకు భరోసా ఇచ్చింది.

ప్రభుత్వ బాండ్లకు ఇలా ఏడాది నుంచి ముప్పై ఏళ్ల దాకా వడ్డీ రేట్ల వరుస ఏర్పడితే దాన్నే కొలతగా పెట్టుకుని కంపెనీలు, నగర పాలక సంస్థలు తమ బాండ్లకు రేటు కట్టుకోగలుగుతాయి. అది లేనిచోట అందరూ బ్యాంకు గుమ్మం తొక్కాల్సిందే. ఎప్పుడైనా వెనక్కి తీసుకోదగ్గ డిపాజిట్ల మీద నడిచే బ్యాంకు, పాతికేళ్లకు తీరే నీటి పథకానికి ఎలా అప్పివ్వగలదు? ఇస్తే బ్యాంకుకు ముప్పు, ఇవ్వకపోతే ఊరికి నీళ్లు రావు.

ఈ మార్కెట్లకు ప్రాణం పింఛను, బీమా నిధులు. వాటికి ఓపిక ఉంటుంది, గడువు దాకా ఆగగలవు. నా బాధంతా ఇక్కడే. ఎంతో కష్టపడి పోగుచేసిన ఈ నిధులను కష్టకాలం రాగానే ప్రభుత్వాలు, చట్టసభలు తమ ఖజానాలా చూస్తున్నాయి. 2008లో అర్జెంటీనా ప్రైవేటు పింఛను నిధులన్నింటినీ జాతీయం చేసింది. చిలీ 1981లో మొదలుపెట్టిన పింఛను ఖాతాల వల్ల అక్కడ లాటిన్ అమెరికాలోనే లోతైన బాండ్ మార్కెట్లలో ఒకటి తయారైంది. కోవిడ్ రోజుల్లో, 2020, 2021ల్లో, ఖాతాల నుంచి పది శాతం చొప్పున తీసుకోవచ్చని పార్లమెంటు మూడుసార్లు అనుమతించింది. పని పోయిన మనిషి తన సొమ్ము తాను తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. అతన్ని ఖజానా నుంచి ఆదుకోవాల్సింది పోయి, అతని ముసలితనపు డబ్బునే అతని చేతిలో పెట్టి చేతులు దులుపుకోవడం తప్పు. ఆ సొమ్ము చెల్లించడానికి నిధులు బాండ్లు అమ్ముకోవాల్సి వచ్చింది, కేంద్ర బ్యాంకు రంగంలోకి దిగాల్సి వచ్చింది. దీర్ఘకాలిక వడ్డీలు పెరిగి ఇంటి రుణాలు ప్రియమయ్యాయి.

ఘనాలో జరిగింది ఇంకా దారుణం. 2022 చివర ఆ ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసి, దేశంలోని సొంత మదుపరులను కూడా పాత బాండ్లు ఇచ్చేసి తక్కువ వడ్డీ, ఎక్కువ గడువుండే కొత్తవి తీసుకోమంది. కార్మిక సంఘాలు సమ్మె చేస్తామంటే గానీ పింఛను నిధులను అప్పటికి ఆ పథకం నుంచి మినహాయించలేదు. జీవితమంతా దాచుకున్నది ప్రభుత్వ బాండ్లలో పెట్టిన వృద్ధులు 2023 ఫిబ్రవరిలో ఆర్థిక శాఖ కార్యాలయం ముందు నిరసనకు దిగారు. ప్రభుత్వ పత్రం కంటే భద్రమైనది లేదని నమ్మించి కొనిపించిన చేతులే ఆ నమ్మకాన్ని చెరిపేశాయి. ఆ తర్వాత దేశంలో అప్పు కోసం ఘనా ఎక్కువగా ఏడాదిలోపు తీర్చాల్సిన ట్రెజరీ బిల్లులనే స్వల్పకాలిక పత్రాల మీదే ఆధారపడాల్సి వచ్చింది.

విదేశీ మదుపరులు వస్తే చాలు, విదేశీ నిధులు చూసి కొనే ప్రపంచ బాండ్ సూచీల్లో చోటు దొరికితే చాలు అనే వాదన తరచూ వింటుంటాం. వాళ్లు రావద్దని నేననను. కొనేవాళ్లు పెరిగితే వడ్డీ తగ్గుతుంది. కానీ 2020 మార్చి ఒక్క నెలలో వర్ధమాన దేశాల షేర్లు, బాండ్ల నుంచి 8,300 కోట్ల డాలర్లకు పైగా విదేశీ సొమ్ము వెళ్లిపోయిందని అంతర్జాతీయ ఆర్థిక సంస్థల సమాఖ్య లెక్కగట్టింది. ఇండోనేషియా ప్రభుత్వ బాండ్లలో 2020 మొదట్లో 40 శాతానికి దగ్గరగా ఉన్న విదేశీ వాటా 2023 నాటికి 15 శాతం ప్రాంతానికి దిగింది. స్థానిక బ్యాంకులు, బీమా సంస్థలు, కేంద్ర బ్యాంకు, 2006 నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే బాండ్లు కొంటున్న కుటుంబాలు ఆ ఖాళీ నింపడంతో దేశం తట్టుకుంది. అయితే బ్యాంకులు సర్కారు బాండ్లతోనే పెట్టెలు నింపుకుంటే చిన్న వ్యాపారికి అప్పు దొరకదు. ఆ జాగ్రత్తా అవసరమే.

సామాన్యుల చేత బాండ్లు కొనిపించడం యాప్ పెట్టినంత మాత్రాన జరగదు. కెన్యా 2017లో ‘ఎం-అకీబా’ పేరుతో 3,000 షిల్లింగులకే ఫోన్‌లో ప్రభుత్వ బాండ్ కొనుక్కునే ఏర్పాటు చేసింది. మెచ్చుకోదగ్గ ఆలోచన. అయినా తొలి పెద్ద విడతలో లక్ష్యంలో నాలుగో వంతే వసూలైంది. అవసరం పడినప్పుడు సరైన ధరకు అమ్ముకోగలనన్న నమ్మకం ఉంటేనే చిన్న మదుపరి ముందుకొస్తాడు. కంపెనీ బాండ్లయితే ఎగవేసినప్పుడు న్యాయస్థానంలో తన వంతు ఎప్పుడొస్తుందో కూడా అతనికి తెలియాలి. ఏళ్ల తరబడి తేలని దివాలా కేసులున్న దేశంలో పెద్ద కంపెనీల బాండ్లు తప్ప మిగతావి అమ్ముడుపోవు.

బాండ్ అమ్మే పత్రం ప్రజలు చదివే భాషలో ఉండాలి. కరెన్సీ, గడువు, ఎగవేస్తే ముందు ఎవరికి చెల్లిస్తారన్న మూడు సంగతులూ మొదటి పేజీలోనే కనబడాలి. పత్రికలు ప్రభుత్వ బాండ్ల వడ్డీని, వాటిలో విదేశీ వాటాను వారానికొకసారైనా ప్రచురించాలి. పింఛను నిధులను తాకే ఏ బిల్లునైనా హడావుడిగా ఆమోదించకుండా, దానివల్ల సభ్యుల పింఛను ఎంత తగ్గుతుందో, వడ్డీ రేట్లు ఎటు పోతాయో స్వతంత్ర నిపుణుల చేత లెక్క కట్టించి, ఆ నివేదికను ఓటింగుకు ముందే బయటపెట్టాలి. నిధుల ధర్మకర్తల మండలుల్లో కనీసం సగం మంది, చందా కట్టే సభ్యులు ఎన్నుకున్నవారై ఉండాలి. ఏ బాండ్ కొనాలో, ఏది వద్దో ఆర్థిక మంత్రి నుంచి వచ్చే ఫోన్‌తో కాకుండా ఆ మండలి సమావేశంలో, నమోదైన కారణాలతో తేలాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు