ఆ ఖాళీ పేజీ మీద ఒక్క లైను అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెలలో ఒకాయన మా డీటీపీ షాపుకొచ్చి, కౌంటర్ మీద ఒక పుస్తకం పెట్టి, "ఇన్ని పేజీలు అచ్చు పడకుండా వదిలేస్తే ఎవరూ చూసుకోరా అండీ?" అని గట్టిగానే అడిగారు. అమీర్‌పేటలో ఒక ట్రైనింగ్ సెంటర్ కోసం మేం కంపోజ్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ అది. వాళ్లమ్మాయి ఆ కోర్సులో చేరిందట, వెనక అట్ట మీద మా షాపు పేరు చూసి వెతుక్కుంటూ వచ్చారు. ఖాళీ పేజీ ఉన్న చోటల్లా బస్ టికెట్ ముక్క ఒకటి పెట్టుకుని తెచ్చారు, లెక్కపెడితే ఆరు. "ఈ ఆరు పేజీల్లో ఉండాల్సిన పాఠం ఏమైంది? రేపు ఇంటర్వ్యూలో మా అమ్మాయిని అదే అడిగితే?" అన్నారు. ఆ టెన్షన్ నేను అర్థం చేసుకోగలను, ఫీజు ఎంతో నాకు తెలుసు.

పాఠం ఏమీ పోలేదు. ప్రతి అధ్యాయం కుడివైపు పేజీలోనే మొదలుపెడతాం, అందుకే మధ్యమధ్యలో ఖాళీ పేజీలు వస్తాయి. 47వ పేజీలో మూడో అధ్యాయం అయిపోయింది, 49లో నాలుగోది మొదలైంది, మధ్యలో 48 ఖాళీ. ఖాళీ పేజీ మీద నంబరు కూడా వేయం కాబట్టి ఆయనకు 47 తర్వాత తెల్ల పేజీ, ఆ తర్వాత 49 కనిపించాయి. విషయసూచిక తీసి, ఒక్కో అధ్యాయం ఎక్కడ మొదలవుతోందో వేలుపెట్టి చూపించాక నెమ్మదించారు. వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నారు: "ఈ సంగతేదో ఆ పేజీ మీదే రాసి ఉంటే నేను రెండు బస్సులు మారి వచ్చేవాణ్ణి కాదు కదా." నిజమే. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ ఒక్క లైను వేయకపోవడం మా తప్పే. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను, ఎందుకంటే మాలాగే చాలామంది ఆ లైను వేయడం లేదు, ఇంకొందరైతే అసలు ఖాళీ పేజీనే తీసేస్తున్నారు, అది ఇంకా పెద్ద తప్పు.

అధ్యాయం కుడి పేజీలోనే ఎందుకు మొదలుపెట్టాలి అని అడగొచ్చు. పుస్తకంలో ఒకటో పేజీ కుడివైపు వస్తుంది, అంటే బేసి నంబర్లన్నీ కుడివైపు, సరి నంబర్లన్నీ ఎడమవైపు. అధ్యాయం బేసి పేజీలో అయిపోతే దాని వెనక పేజీని వదిలేసి తర్వాతి అధ్యాయం కొత్త కాగితం మీద మొదలుపెడతాం, సరి పేజీలో అయిపోతే వదలాల్సిన పనే లేదు. అందుకే పన్నెండు అధ్యాయాలుంటే ఇంచుమించు సగం చోట్ల ఖాళీ వస్తుంది. కథల పుస్తకాలకు ఇది అందం కోసమే, వద్దనుకుంటే మానేయొచ్చు, నేనూ చాలాసార్లు మానేశాను. సాఫ్ట్‌వేర్ మాన్యువల్ సంగతి వేరు. దాన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదివేవాళ్లు తక్కువ. ఎదురుగా కంప్యూటర్ ఆన్‌లో ఉంటుంది, ఒక చెయ్యి మౌస్ మీద, రెండో చేత్తో కావాల్సిన అధ్యాయం కోసం పేజీలు జారవిడుస్తుంటారు. అప్పుడు ముందు కంటికి తగిలేది కుడి పేజీలే.

దీనికంటే పెద్ద కారణం ఇంకోటుంది. సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుంది, దాంతోపాటు మాన్యువల్లో ఏదో ఒక అధ్యాయం పాతబడుతుంది. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చినప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్‌లో వ్యాట్ అధ్యాయం ఒక్కరోజులో పనికిరాకుండా పోయింది. మేం చేసిన ఒక మాన్యువల్ అప్పటికే స్పైరల్ బైండింగ్ చేసి దుకాణాలకు పంచేశారు. ప్రతి అధ్యాయం కొత్త కాగితం మీద మొదలైంది, పేజీ నంబర్లు కూడా 5-1, 5-2 అని అధ్యాయం వారీగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. స్పైరల్ విప్పి, వ్యాట్ కాగితాలు తీసేసి, జీఎస్‌టీ కాగితాలు పెట్టి మళ్లీ బిగించాం, అంతే. నాలుగో అధ్యాయం చివరి కాగితం వెనకే ఐదోది మొదలై ఉంటే ఆ కాగితం కూడా మళ్లీ వేయాల్సి వచ్చేది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పుడూ ఆ ఒక్క అధ్యాయమే మార్చుకున్నాం. వెనకటి రోజుల్లో ఐబీఎం వాళ్ల పెద్ద కంప్యూటర్ల మాన్యువల్స్ రింగులున్న బైండర్లలో ఉండేవి, ఏదైనా మారితే ఆ కాగితాలు మాత్రమే పంపేవాళ్లు, పాతవి తీసి కొత్తవి పెట్టుకోవాలి. అలా పెట్టుకునే మనిషికి తెల్ల కాగితం తగిలితే ఏదో పేజీ పోయిందనిపిస్తుంది కదా, అందుకని ఇది కావాలనే వదిలిన పేజీ అని దాని మీదే అచ్చువేసేవాళ్లు. కాగితాలు మార్చుకునే పుస్తకంలో ఆ లైను చాలా పెద్ద భరోసా.

కాగితం దండగ అనేవాళ్లకు లెక్క చెబుతాను. మన ప్రెస్సుల్లో పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది, ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చువేసి మడిచే పేజీల కట్ట, మామూలుగా ఫారానికి 16 పేజీలు. 224 పేజీల పుస్తకం సరిగ్గా 14 ఫారాలు. అందులో ఆరు ఖాళీ పేజీలు పీకేస్తే 218. పదమూడున్నర ఫారాలకు 216 పేజీలే వస్తాయి, మిగిలిన రెండు పేజీల కోసం మళ్లీ ఆ అరఫారం వేయాల్సిందే, మధ్యలో తీసేసిన ఆరు పేజీలు పుస్తకం చివరికెళ్లి కూర్చుంటాయి. ఒక్కోసారి నిజంగానే అరఫారం మిగులుతుంది, వేల కాపీలు వేసేటప్పుడు అది చిన్న డబ్బేం కాదు, అప్పుడు కూర్చుని ఆలోచించుకోవచ్చు. కానీ లెక్క వేయకుండానే దండగ అనకండి.

ఖాళీ పేజీ తీసేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. కొన్నేళ్ల క్రితం ఒక ల్యాబ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ 60 కాపీలు కావాల్సి వచ్చి, పీడీఎఫ్ ఒక డిజిటల్ ప్రింటింగ్ షాపుకి పంపాం. అక్కడి కుర్రాడు మంచి మనసుతోనే ఖాళీ పేజీలన్నీ తీసేసి, రెండు వైపులా అచ్చువేసి, గమ్ బైండింగ్ చేసి ఇచ్చాడు, "పేజీలు మిగిల్చాను, బిల్లు తగ్గింది చూడండి" అన్నాడు. పుస్తకం తెరిస్తే మొదటి రెండు అధ్యాయాలు బాగున్నాయి. మూడోది ఎడమ పేజీలో మొదలైంది. మేం పేజీకి బైండింగ్ వైపు ఒక అంగుళం, బయటివైపు అరంగుళం మార్జిన్ పెట్టాం, కుడి పేజీ ఎడమవైపుకి పోయేసరికి అదంతా తారుమారై, బయటివైపు అంగుళం తెలుపు, లోపలివైపు అక్షరాలు గమ్‌లోకి. షార్ట్‌కట్ కీల పట్టిక సరిగ్గా ఆ అధ్యాయంలోనే ఉంది. కుడి గడిలో ఎఫ్ 5, ఎఫ్ 6, ఎఫ్ 8 అని ఉండాల్సిన చోట ఎఫ్ ఒక్కటే కనిపిస్తోంది, అంకెలు వెన్నులో ఇరుక్కుపోయాయి. పుస్తకం రెండు చేతులతో విరిచి పట్టుకుని చూశాం, నాలుగు పేజీలు ఊడి చేతికొచ్చాయి. ఐదో అధ్యాయం దగ్గర రెండో ఖాళీ పేజీ కూడా పోయింది కాబట్టి అక్కణ్నుంచి మళ్లీ సరిగ్గా ఉంది, ఏడో అధ్యాయంలో మళ్లీ పాడైంది. పైపైన తిరగేస్తే తప్పు దొరకదు, కూర్చుని వాడేవాళ్లకే తెలుస్తుంది. 60 కాపీలూ మళ్లీ వేయించాం, ఖర్చు మాదే. ఆ పేజీల మీద ఒక లైను అచ్చులో ఉండి ఉంటే ఆ కుర్రాడు వాటిని ముట్టుకునేవాడు కాదు. తెల్లగా ఉంది కాబట్టే పనికిరానిది అనుకున్నాడు.

మాన్యువల్స్ తయారుచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కొన్ని విషయాలు చెప్పాలి. పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అను తెలుగు ఫాంట్లతో చేసే రోజుల్లో ఖాళీ పేజీ చేత్తోనే పెట్టేవాళ్లం, దాంతో ఒక చిక్కుండేది, ప్రూఫుల్లో ఎవరో నాలుగు వాక్యాలు కలిపితే అధ్యాయం ఒక పేజీ పెరుగుతుంది, మనం పెట్టిన ఖాళీ పేజీ మాత్రం అక్కడే ఉండిపోయి తర్వాతి అధ్యాయం ఎడమవైపుకి పోతుంది. అందుకే చివరి ప్రూఫులో అధ్యాయాల మొదటి పేజీ నంబర్లు మాత్రం ఒక్కసారి వరసగా చూసుకోండి, అన్నీ బేసి అయి ఉండాలి. వర్డ్‌లో ఆడ్ పేజ్ సెక్షన్ బ్రేక్ పెడితే ఖాళీ పేజీ దానంతటదే వస్తుంది కానీ స్క్రీన్ మీద కనపడదు, 47 తర్వాత నేరుగా 49 చూపిస్తుంది, ప్రింట్ తీసినప్పుడే బయటపడుతుంది, పైగా కనపడని పేజీ మీద మనం ఏమీ రాయలేం. లైను కావాలంటే ప్రూఫులన్నీ అయ్యాక ఆ చోట మామూలు పేజీయే పెట్టుకోవాలి. లిబ్రేఆఫీస్‌లో పీడీఎఫ్ చేసేటప్పుడు, ఆటోమేటిగ్గా వచ్చిన ఖాళీ పేజీలు కూడా ఉంచాలా అని ఒక టిక్ ఉంటుంది, ప్రెస్సుకి పంపే ఫైలైతే ఆ టిక్ ఉండాలి. లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు, అందులోని బుక్ క్లాస్‌లో అధ్యాయం ఎలాగూ కుడివైపే మొదలవుతుంది, కాకపోతే ఖాళీ పేజీ మీద కూడా పై హెడింగ్, నంబరు వచ్చి కూర్చుంటాయి, కింద పాఠం లేదు, పైన మాత్రం అధ్యాయం పేరుంది, చూసినవాళ్లకు ఇంకా అనుమానం. ఎంప్టీపేజ్ అనే చిన్న ప్యాకేజీ కలిపితే అవి పోతాయి.

ఇక ఆ లైను ఎలా ఉండాలి? ఇంగ్లిష్ మాన్యువల్స్‌లో ఉన్నదాన్ని తెలుగులోకి దించి "ఈ పేజీ ఉద్దేశపూర్వకంగా ఖాళీగా వదిలివేయబడినది" అని వేస్తున్నారు కొందరు. దయచేసి అలా వద్దు. మనకు ఉద్దేశపూర్వకంగా అన్న మాట ఎక్కువగా నేరాల వార్తల్లోనే వినపడుతుంది, ఎవరో కావాలని ఏదో దాచారన్నట్టుంటుంది. పైగా ఆ పొడుగు మాట చదివినా పిల్లలకు కావాల్సిన సంగతి, అంటే పాఠం ఎక్కడికి పోయింది అన్నది తెలియదు. "మూడో అధ్యాయం ఇక్కడితో అయిపోయింది. నాలుగో అధ్యాయం 49వ పేజీలో" అని పేజీ మధ్యలో చిన్న అక్షరాల్లో వేస్తే చాలు. ట్రైనింగ్ పుస్తకమైతే దాని కింద గీతలు గీసి నోట్స్ రాసుకోమని వదలండి, అమీర్‌పేట జెరాక్స్ షాపుల్లో దొరికే మెటీరియల్‌లో కుర్రాళ్లు ఎలాగూ ఖాళీ చోటల్లా రాసుకుంటూనే ఉంటారు. ఆఫీసులో వాడే మాన్యువల్‌కి గీతలు అక్కర్లేదు, లైను ఒక్కటి ఉంటే సరిపోతుంది.

ఫోన్లో చదివేవాళ్ల సంగతి వేరే, వాళ్లకు కుడీ లేదు ఎడమా లేదు, ఖాళీ పేజీ వస్తే ఫైలు ఇంకా లోడ్ కాలేదేమో అనుకుంటారు. వాళ్ల కోసం ఆ పేజీలు తీసేసిన పీడీఎఫ్ విడిగా ఇవ్వండి, పేజీ నంబర్లు మాత్రం మార్చకండి, క్లాసులో సార్ 49వ పేజీ తీయమంటే పుస్తకం ఉన్నవాళ్లూ ఫోన్ ఉన్నవాళ్లూ ఒకే చోటికి రావాలి. ఫైలు పేర్లలోనే ఒకదానికి ప్రింట్ అని, రెండోదానికి ఫోన్ అని పెట్టండి, లేకపోతే ఎవరో ఒకరు ఫోన్ ఫైలే జెరాక్స్ షాపులో రెండు వైపులా ప్రింట్ తీయించి, మాకు జరిగిందే వాళ్లకూ జరుగుతుంది.

ప్రింటింగ్ షాపులవాళ్లకు ఒక్కటే మనవి, ఫైల్లో ఖాళీ పేజీ కనిపిస్తే తీసేసే ముందు ఒక్క ఫోన్ కొట్టండి. ఆ అకౌంటింగ్ మాన్యువల్ వచ్చే నెల మళ్లీ అచ్చుకి వెళ్తోంది. ఆరు పేజీల మీదా లైను వేశాం, మొదటి కాపీ ఆయనకే పంపిస్తానని చెప్పాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, హైదరాబాద్