అంపైరుకి స్కోరు కార్డు ఉండదు

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ ఆటల పేజీలో, అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లజాతీయులకు తలుపు తెరిచిన ఆటగాడు జాకీ రాబిన్సన్ మీద అరపేజీ వేశారు, సంతోషం. కానీ ఆయన అందులో అడుగుపెట్టిన 1947తో బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడ కూలిపోయిందని చివర్లో తేల్చేశారే, అక్కడ ఒళ్లు మండింది. కూలింది ఆటగాళ్ల వైపు గోడ. అంపైర్ల వైపుది మరో 19 ఏళ్లు చెక్కుచెదరలేదు.

మేజర్ లీగ్ తొలి నల్లజాతి అంపైరు ఎమ్మెట్ యాష్‌ఫర్డ్ పేరు మీ డెస్కులో ఒక్కరూ వినలేదా? 1951లో చిన్న లీగుల్లో మొదలుపెట్టి, పసిఫిక్ కోస్ట్ లీగ్‌లోనే 12 సీజన్లు నలిగి, 1966 ఏప్రిల్ 11న, మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి ఆయనకు 51 ఏళ్లు. ఆ రోజు వాషింగ్టన్ స్టేడియం దగ్గర, ఉపాధ్యక్షుడి కోసం వచ్చిన భద్రతా సిబ్బంది ఆయన్ని ఆపేశారు. నల్లజాతీయుడు అంపైరంటే నమ్మరే! ఐదు సీజన్లకే, 1970 వరల్డ్ సిరీస్‌తో, రిటైర్మెంటు. రెండో భాగమైన నేషనల్ లీగ్‌కి నల్లజాతి అంపైరును తీసుకోవడానికి 1972 దాకా తీరిక దొరకలేదు. ఇక నలుగురి బృందానికి పెద్ద, అంటే క్రూ చీఫ్, అయిన తొలి నల్లజాతీయుడు కెర్విన్ డాన్లీ. ఎప్పుడనుకున్నారు? 2020లో.

కారణం చిన్నదే. ఆటగాడి సగటు తెల్లారేసరికి పేపర్లో అచ్చవుతుంది, దాచడం ఎవరి తరమూ కాదు. అంపైరు బతుకు పైఅధికారి రాసే రిపోర్టు మీద. పైగా మేజర్ లీగ్‌లో ఉన్నవే 19 బృందాలు, 76 కుర్చీలు. ఎక్కినవాళ్లు ఏళ్ల తరబడి దిగరు, కిందిమెట్టు మీద ఉన్నవాళ్లకు జుట్టు నెరుస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌దీ ఇదే తంతు. తొలి నల్లజాతి అధికారిగా బర్ల్ టోలర్ 1965లోనే మైదానంలోకి వచ్చినా, ఆ అధికారులకు పెద్ద అయిన రిఫరీ పెట్టుకునే తెల్ల టోపీ జానీ గ్రియర్ నెత్తికెక్కింది 1988లో. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో నల్లజాతి రిఫరీ యురయా రెన్నీ 2008లో తప్పుకున్నాక, మరో నల్లజాతి రిఫరీగా శామ్ అలిసన్ కనబడటానికి 2023 డిసెంబర్ 26 రావాల్సి వచ్చింది. 2024 మార్చిలో అదే లీగ్‌లో భారత మూలాలున్న సన్నీ సింగ్ గిల్ ఈల ఊదితే 'మనవాడు' అని మురిసిపోయాం. వాళ్ల నాన్న జర్నైల్ సింగ్ 2004 నుంచి ఆరేళ్లు తలపాగాతో కింది లీగుల్లోనే ఊదారు. అప్పుడు ఎవరికి పట్టింది?

మన క్రీడా సంఘాలు మాత్రం తక్కువ తిన్నాయా? అంపైర్ల ప్యానెల్ జాబితా వస్తుంది, ఎవరికెన్ని మార్కులో రాదు. అడిగితే 'కాన్ఫిడెన్షియల్'. దాని మీద ఒక్క వార్త రాయరు గానీ, 'తొలి' అన్న మాట దొరికితే చాలు, ఫొటోతో సహా పతాక శీర్షిక!

సవరణ వేస్తారా? వేసినా టెండరు నోటీసుల పక్కన, భూతద్దం పెట్టి చదువుకునే సైజులో వేస్తారని తెలుసు. అయినా అడుగుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ