రెండు గంటలకోసారి అలారం పెట్టుకున్న పెద్దాయనకి

నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యాను. జ్వరం తాలూకు నీరసం ఇంకా వదల్లేదు, టైపు చేస్తుంటే భుజాలు లాగుతున్నాయి. రేపు రాద్దామనుకుంటే ఈ మాట ఇలాగే వస్తుందో రాదోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

నాకు వెన్నుపాము దెబ్బతిని 14 ఏళ్ళు. టి5 దగ్గర, అంటే ఛాతీ వెనక ఐదో వెన్నుపూస దగ్గర. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు, కదలిక లేదు. కలిసినవాళ్ళంతా "నడిచే అవకాశం ఏమైనా ఉందా?" అని అడుగుతారు. ఆ బెంగ నాకు ఎప్పుడో తీరిపోయింది. నా రోజు ఎలా గడుస్తుందో తేల్చేవి వేరే ఉన్నాయి. మూత్రం సాఫీగా వచ్చిందా, మోషన్ వేళకి అయిందా, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందా, కాళ్ళు బిగుసుకోకుండా రాత్రి నిద్ర పట్టిందా. ఈ నాలుగూ కుదిరితే ఉద్యోగం చేసుకుంటాను, పిల్లలతో తగువులాడతాను. ఒక్కటి తప్పినా మంచమే.

ఈసారి మూత్రం దగ్గర తప్పింది. ఇన్ఫెక్షన్, చలిజ్వరం, ఆస్పత్రి. ఇంట్లో అయితే 4-6 గంటలకోసారి నేనే ట్యూబు వేసి తీసుకుంటాను. అక్కడ లోపలే ఉండిపోయే కాథెటర్ పెట్టారు. మూడు రాత్రులు నా భార్య మేలుకుంది. నాలుగో రోజు కూర్చున్నచోటే తూలిపోతుంటే తమ్ముడు బలవంతంగా ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళకి థాంక్స్ వేరే చెప్పాలా!

పక్క మంచం మీద ఒక కుర్రాడు. అతని తండ్రి అరవై దాటిన మనిషి, మంచం పక్కనే నేల మీద పడుకునేవారు. రెండు గంటలకోసారి నన్ను పక్కకి తిప్పకపోతే బెడ్‌సోర్ వస్తుందని నా భార్య వెళ్తూ నర్సుకి చెప్పింది. వార్డంతటికీ ఆ నర్సు ఒక్కతే. పెద్దాయన విన్నారు, ఏమీ అనలేదు. రాత్రి 10కి ఆయన ఫోన్లో అలారం మోగింది. లేచి నా దగ్గరికి వచ్చి, "ఏ పక్కకి నాయనా? ఎక్కడ పట్టుకోమంటావు?" అన్నారు.

ఈ 14 ఏళ్ళలో నన్ను ఎంతమంది ఎత్తారో, దొర్లించారో, ఈడ్చారో లెక్కలేదు. ఎక్కడ పట్టుకోవాలని అడిగినవాళ్ళు చాలా తక్కువ. నాకేం కావాలో కూడా నా కుర్చీ తోసేవాళ్ళనే అడుగుతారు. ఆయన నన్ను అడిగారు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి, ఈడ్చకుండా తిప్పాలని చెప్పాను. మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలని, మడమలు పరుపుకి ఆనకూడదని చెప్పాను. 12కి వచ్చినప్పుడు మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

2 గంటల అలారానికి ఆయన లేచేసరికి నాకు తల పగిలిపోతోంది. మొహం మండుతోంది, నుదుటి మీద చెమట ధార కడుతోంది. టి6 దగ్గరా ఆపైనా దెబ్బతిన్నవాళ్ళకి ఇది తెలుసు, ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా. మూత్రాశయం నిండిపోయినా, మోషన్ గట్టిపడినా, ఆఖరికి కాలిగోరు లోపలికి పెరిగినా, ఆ బాధ మనకి తెలియదు గానీ బీపీ మాత్రం ఎగబాకుతుంది. వదిలేస్తే మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. డ్యూటీలో ఉన్నవాళ్ళు చూసి 160 ఉంది, టెన్షన్ పడకుండా పడుకోండి అన్నారు. నాకు మామూలుగా ఉండేది 95, పడుకుంటే ఇంకా పెరుగుతుంది అన్నాను. "మీరు డాక్టరా?" అని వెళ్ళిపోయారు.

"నన్ను కూర్చోబెట్టండి, ట్యూబు మడతపడిందేమో చూడండి" అన్నాను పెద్దాయనతో. మంచం తలవైపు పైకి లేపి, ఫోన్ లైటు వేసి వెతికారు. ట్యూబు తొడ కింద నలిగి ఉంది. తీయగానే బ్యాగులోకి మూత్రం దిగింది, కాసేపటికి తలలో పోటు తగ్గింది. "12కి తిప్పినప్పుడు నేనే చూసుకోలేదేమో" అంటున్నారాయన, చేతులు వణుకుతున్నాయి. ట్యూబు సంగతి చెప్పడం మరిచిపోయింది నేను. తువ్వాలుతో నా మొహం తుడిచి, "ఇంకేం చూడాలి నాయనా?" అన్నారు. అప్పుడు ఏడ్చాను. దెబ్బ తగిలిన కొత్తలో కూడా అంత ఏడవలేదు. ఆయన ఊరుకోమనలేదు, పక్కన నిలబడ్డారు. మళ్ళీ 4కి అలారం మోగింది.

ఒక మాట అనకుండా ఉండలేను. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు రాత్రీ పగలూ రెండు గంటలకోసారి తిప్పించి నాలాంటివాళ్ళని బతికించుకున్నాడు. ఇన్నేళ్ళయినా వార్డులో తిప్పే మనిషి లేడు. మొదటిరోజు అడిగిన ఎయిర్ బెడ్ డిశ్చార్జ్ రోజు వచ్చింది. బాత్రూం తలుపు నా కుర్చీ కంటే ఇరుకు. ప్రతిసారీ నా ఒంటి గురించి నేనే సాక్ష్యం చెప్పుకోవాలి, అదీ ఎవరూ నమ్మరు.

పెద్దాయనా, మీ పేరు కూడా అడగలేదు. మీ అబ్బాయి త్వరగా కోలుకోవాలి.

అయ్యో, పొద్దున డ్యూటీకొచ్చిన చిన్న నర్సమ్మని మరిచాను. నా మాట విని "ఈయనకి మామూలు బీపీ 95" అని కాగితం మీద రాసి మంచం పైన అంటించింది. నరం దొరక్క రెండుసార్లు గుచ్చి, రెండుసార్లూ సారీ చెప్పిన ల్యాబ్ అబ్బాయికీ థాంక్స్.

మళ్ళీ రాస్తున్నాను, ఇంకొకావిడ ఉంది. నేలకి తడిగుడ్డ పెట్టేటప్పుడు నా చక్రాల కుర్చీ పక్కకి జరిపేది. ఆరాక మళ్ళీ తెచ్చి, సరిగ్గా నా చెయ్యి అందేచోట పెట్టి, బ్రేకు వేసి వెళ్ళేది.