ఫిజియోథెరపీ పల్లెలకు రావాలి

పక్షవాతం వచ్చినవాళ్లకు, ఎముకల ఆపరేషన్ అయినవాళ్లకు చిత్తూరు జిల్లా పల్లెల్లో దగ్గర్లో ఫిజియోథెరపీ, అంటే వ్యాయామాలతో చేసే చికిత్స, దొరకడం లేదు. తిరుపతిలో బర్డ్, స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రులున్నాయి, స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కాలేజీ కూడా ఉంది. కానీ పలమనేరు దగ్గరి మా పల్లె నుంచి తిరుపతి వంద కిలోమీటర్ల పైమాటే. కుడిచెయ్యి పడిపోయిన మా అమ్మను నాలుగుసార్లు బస్సెక్కించి తీసుకెళ్లాం, ఆ తర్వాత మావల్ల కాలేదు. మూడు నెలలు తిరిగేసరికి భుజం బిగుసుకుపోయింది. జాకెట్టు తొడగబోతే కేక పెట్టేది. ఆ చెయ్యిని రోజూ మెల్లగా కదిలించాలని, పడుకున్నప్పుడు కింద దిండు పెట్టాలని, చెయ్యి పట్టి లాగి లేపకూడదని మాకు చెప్పినవాళ్లు లేరు. పైగా మా పక్క నడుంనొప్పి అంటే వెంటనే ఇంజక్షనే. రోజంతా వంగి టమోటాలు కోసే ఆడవాళ్లు నొప్పి మాత్రలు చాక్లెట్లలా మింగుతున్నారు, ఏళ్ల తరబడి అలా వాడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడుం, పొట్ట కండరాలకు బలమిచ్చే నాలుగు వ్యాయామాలు వాళ్లకు నేర్పేవారేరీ? ప్రతి మండల కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రికి వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టును పంపాలి. ఒక గది, బల్ల, పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు ఉంటే పని మొదలవుతుంది. రోగితో వచ్చినవాళ్లకు కూడా చేయించి చూపించి, ఆ వ్యాయామాల బొమ్మల కాగితం తెలుగులో చేతికివ్వాలి. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లే ఏర్పాటు జిల్లా వైద్యాధికారులు వెంటనే చేయాలి.

— ఒక పాఠకురాలు, పలమనేరు