ఆనపకాయ, అనపకాయ: యాసలు, ముద్దుపేర్ల విభాగం వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు బెంగళూరులోని మన సంఘంలో యాసలు, ముద్దుపేర్ల మీద జరిగిన పనికి ఇది నివేదిక. జమాఖర్చుల పట్టీ విడిగా పంపుతున్నాం. ముగ్గుల పోటీ, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే సాగాయి. వాటికి ఇక్కడ ఈ ఒక్క వాక్యమే, ఎందుకంటే ఈసారి ఎక్కువ చోటు అనపకాయకు కావాల్సి వచ్చింది.

సంక్రాంతి సరుకుల చీటీ

పండగ భోజనానికి రాసిన చీటీలో "అనపకాయ 8 కిలోలు" అని ఉంది. రాసిన చెయ్యి గోదావరి జిల్లాది. ముక్కల పులుసులోకి ఆనపకాయ, అంటే సొరకాయ, కావాలని ఉద్దేశం. తొందరలో దీర్ఘం జారిపోయింది. సంత చేసిన వాళ్లది చిత్తూరు వైపు. అక్కడ అనపకాయ అంటే గింజలు ఒలుచుకుని వండుకునే చిక్కుడు జాతి కాయ, కన్నడిగుల అవరెకాయ. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు బజార్ల నిండా అదే కాబట్టి సంచులకు సంచులు సులువుగా దొరికింది. పులుసు పెట్టాల్సిన పూట ఒలుపుడు మొదలైంది.

పారేయకుండా దాన్ని పితికిపప్పు చేశారు. పద్ధతి తెలియనివాళ్ల కోసం రాస్తున్నాం. ఒలిచిన గింజల్ని రాత్రంతా నీళ్లలో నాననివ్వాలి. తెల్లారి ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కితే తొక్క వేళ్లలో మిగిలి, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. నానడం చాలకపోతే తొక్క ఊడదు, గింజ చితుకుతుంది. మరీ ముదురు గింజ ఎంత నానినా మొండికేస్తుంది. అందుకే కాయ కొనేటప్పుడే నలిపి చూడాలి, చేతికి జిగురూ ఆ ప్రత్యేకమైన వాసనా అంటాలి. మన వంటవాళ్లకు రాత్రంతా నానబెట్టే వ్యవధి లేక వేడినీళ్లు పోసి నెట్టుకొచ్చారు. సగం పప్పు ముక్కలైంది. అయినా మసాలా పట్టి బాగానే కుదిరింది. భోజనాల దగ్గర నవ్వులకు కొదవ లేదు, ఆ నవ్వు ఎవరినీ చిన్నబుచ్చలేదు.

ఇకనుంచి సంఘం సరుకుల చీటీలో ప్రతి కూరగాయకూ రెండు పేర్లు రాయాలని తీర్మానించాం: రాసేవాళ్ల పేరొకటి, కొనేవాళ్ల పేరొకటి. ఉల్లిపాయ/ఎర్రగడ్డ/ఉల్లిగడ్డ, వెల్లుల్లి/తెల్లగడ్డ/ఎల్లిగడ్డ, బంగాళాదుంప/ఉర్లగడ్డ/ఆలుగడ్డ అని పట్టీ వేసి వంటగది తలుపుకు అంటించాం. వేరుశనగ దగ్గర చోటు చాల్లేదు. తెలంగాణవాళ్లకు పల్లీలు, అనంతపురం, కర్నూలు వాళ్లకు బుడ్డలు, చిత్తూరు వాళ్లకు చెనిక్కాయలు. కన్నడ బండివాడు "ఈరుళ్ళి" అని కేకేస్తే కోస్తా అమ్మమ్మలు అనే నీరుల్లి అదేనని పిల్లలకు చెప్పండి, వాళ్లకు రెండు భాషలూ దగ్గరవుతాయి.

మాటల చీటీలు ఎలా రాశాం, ఎక్కడ తప్పాం

గిడుగు వారి జయంతి ఆగస్టు 29న మాటల సేకరణ మొదలైంది. 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశానికి సంపాదకుడైన భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా చూశారు: శ్రీకాకుళం, విశాఖ వైపు పూర్వం, గోదావరి, కృష్ణా, గుంటూరు మధ్య, సీమ, నెల్లూరు, ఒంగోలు దక్షిణం, తెలంగాణ ఉత్తరం. మనమూ ఆ నాలుగే పట్టుకున్నాం. మొదట నాలుగు రంగుల చీటీలు తెచ్చాం. రంగుల్లో పార్టీలు కనబడి మాట పక్కదారి పట్టింది. దాంతో తెల్ల చీటీలే (5 అంగుళాలు, 3 అంగుళాలు) తీసుకుని, ఒక్కో మండలానికి ఒక్కో మూల కత్తిరించాం. కట్టగా పేర్చి పట్టుకుంటే తప్పుగా కలిసిన చీటీ మూల దగ్గరే దొరికిపోతుంది.

చీటీ మీద ఉండాల్సినవి: పలికినట్టే రాసిన మాట, ఊరు, దగ్గరి పట్నం, చెప్పినవారి వయసు, అర్థం, ఆ మాటతో ఒక పూర్తి వాక్యం. జిల్లా పేరు ఒక్కటే రాస్తే ఇప్పుడు పనికిరాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ కొత్త జిల్లాలు వచ్చాక, ఒకరు పాత జిల్లా, ఇంకొకరు కొత్త జిల్లా రాస్తున్నారు.

మేం చేసిన పెద్ద పొరపాటు అడిగిన తీరులో ఉంది. "మీ యాసలో దీన్నేమంటారు?" అని అడగ్గానే పెద్దవాళ్లు సర్దుకుని కూర్చుని పుస్తకం మాట చెప్పారు. వెల్లుల్లి అని చెప్పి, లేచి వెళ్తూ కోడలితో "ఎల్లిపాయలు ఒలిచినవా?" అన్నారు. రెండో విడత నుంచి ప్రశ్న మానేసి వస్తువులు పెట్టాం. పళ్లెంలో కూరగాయలు, పక్కన రెండు మూడు గిన్నెలు. "ఇవి లోపల పెట్టాలి, ఏమేం ఉన్నాయో చెప్పండి, రాసుకుంటాం" అంటే అసలు మాట దానంతటదే వచ్చింది. రాసేవాళ్లు దిద్దకూడదన్నది ఇంకో నియమం. చదువుకున్న చెయ్యి తెలియకుండానే ఎల్లిపాయను వెల్లుల్లి చేసేస్తుంది.

చుట్టరికాల దగ్గర అందరికంటే ఎక్కువ తికమక పడ్డాం. అవ్వ అంటే తెలంగాణ పల్లెల్లో తల్లి, సీమలో నాయనమ్మో అమ్మమ్మో. బిడ్డ అంటే తెలంగాణలో కూతురు, కోస్తాలో ఆడో మగో తేలని పసివాళ్లు. ఉత్తరాంధ్రలో బాబు అంటే తండ్రి. అక్కడివారు "మా బాబు పెన్షన్ కాగితాలు" అంటే పక్కవాళ్లు పసిపిల్లాడికి పెన్షనేమిటని తెల్లబోయారు. గుంటలు ఆడుకుంటున్నారంటే అక్కడ పిల్లలు, కృష్ణా తీరంలో గుంటలంటే గోతులే. సభ్యత్వ ఫారంలో "మీతో ఉండే కుటుంబ సభ్యులు" గడిలో అవ్వ, బాబు అని రాసినవాళ్లందరికీ మళ్లీ ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. కొత్త ఫారంలో చుట్టరికం పక్కన వయసు గడి పెట్టాం, చాలావరకు అదే తేల్చేస్తుంది.

మాటల ఆట

కాళోజీ జయంతి సెప్టెంబరు 9న ఆట పెట్టాం. జట్టుకు ఆరుగురు, పన్నెండు మాటలు, నలభై అయిదు నిమిషాలు. చీటీ తీసి మాట చదివితే, ఆ మాట తమ ఊళ్లో ఎలా వాడతారో ఒక వాక్యంలో చెప్పాలి. జట్లను మాత్రం ప్రాంతాలవారీగా కట్టకండి. ఒక్కసారి అలా చేసి చూశాం, పదినిమిషాల్లో అది మాటల ఆట పోయి ప్రాంతాల పోటీ అయింది. ప్రతి జట్టులో నాలుగు మండలాలవాళ్లూ ఉంటేనే ఒకరి మాటకు ఇంకొకరు అర్థం చెప్పుకుంటారు.

బాగా పేలినవి రెండు. తెలంగాణ సభ్యురాలు వడ్డించేవారితో "నాకు బొక్కలు ఎక్కువెయ్యి" అన్న వాక్యం చెప్పారు. మాంసం కూరలో ఎముకలని ఆమె భావం. కోస్తావాళ్ల చెవికి బొక్క అంటే చిల్లే. రెండోది సీమ మాట: "పొద్దున్నే ఎర్రగడ్డకు పోవాల." ఉల్లిపాయలకని వాళ్ల ఉద్దేశం, హైదరాబాదువాళ్లకు మాత్రం ఎర్రగడ్డ అంటే మానసిక వైద్యశాల ఉన్న పేట. అక్కడి రైతుబజారులోనే ఉల్లిగడ్డలు కొనుక్కునేవాళ్లు మనలో ఉన్నారు కాబట్టి అర్థాలు రెండూ చివరికి ఒకచోటే కలిశాయి.

ఆటలో ఒక్కటి నిషేధించాం: తనది కాని యాసను అనుకరించడం. చాలామంది అనుకరించేది విన్న యాసను కాదు, సినిమాలో చూసినదాన్ని. అక్కడ ఏళ్ల తరబడి సీమ యాస ముఠా నాయకుడికీ, తెలంగాణ, ఉత్తరాంధ్ర యాసలు నవ్వించే పాత్రలకూ పెట్టి, కథానాయకుడికి పుస్తకం తెలుగు పెట్టారు. ఆ నకలు వినే మనిషికి ఇంట్లో తల్లి మాట గుర్తురాదు, అవమానమే గుర్తొస్తుంది. తన యాసలో తానే "ఆయ్" అనో, "జర ఆగున్రి" అనో, "రొంత ఓపిక పట్టప్పా" అనో అంటే అందరూ మనసారా నవ్వారు.

ముద్దుపేర్ల పట్టీ

ఉగాది (మార్చి 30) నాటికి ముద్దుపేర్ల పట్టీ పూర్తిచేశాం. మన పేర్లకు దేవుడి చిరునామా ఉంటుంది. అప్పలస్వామి, అప్పలనాయుడు అంటే సింహాచలం అప్పన్న, పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. కొమురయ్య అంటే కొమురవెల్లి, యాదయ్య అంటే యాదగిరిగుట్ట, పెంచలయ్య అంటే పెంచలకోన, కోటేశ్వరరావు అంటే కోటప్పకొండ. ఒక కొండ చుట్టూ ఊళ్లన్నీ ఒకే పేరు పెట్టుకుంటే, వీధిలో మనిషిని గుర్తుపట్టే పని ముద్దుపేరుదే. అందుకే ఊళ్లో సైకిలు వెంకటేశ్వర్లు, సోడాల వెంకటేశ్వర్లు, మేడమీద వెంకటేశ్వర్లు ఉంటారు. పేరు ముందు వృత్తో వస్తువో ఇంటి గుర్తో చేరుతుంది. గోదావరి వైపు అబ్బులు, బుల్లబ్బాయి లాంటివి మాత్రం ఏ గుర్తూ లేకుండా ముద్దుగా పుట్టి, అరవై ఏళ్లొచ్చినా వదలవు.

పట్టీలో ఎక్కించే ముందు ఆ మనిషినే అడిగాం. కులాన్ని, శరీరాన్ని, లోపాన్ని పట్టి పెట్టిన పేర్లు వద్దన్నాం, పేరున్న మనిషి "ఫరవాలేదు" అన్నా రాయలేదు. మొహమాటంతో వచ్చే "ఫరవాలేదు" మనందరికీ తెలిసిందే. వెంకటగాడు లాంటి "గాడు" పేర్లు బాల్యమిత్రుడి నోట ముద్దు, బ్యాడ్జీ మీద మొరటు. అందుకే బ్యాడ్జీల మీద "సైకిలు వెంకటేశ్వర్లు గారు" అని అచ్చువేశాం.

ప్రాంతాల పేర్ల విషయమూ ఇంతే. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలను దత్తమండలాలు అనేవారు, ఎవరో ఎవరికో ఇచ్చేసినట్టు. 1928లో నంద్యాలలో భాషాపండితులు చిలుకూరి నారాయణరావు గారు ఆ జిల్లాలకు రాయలసీమ అన్న పేరు సూచించారు, జనం దాన్నే తమది చేసుకున్నారు.

ఒక లోపం ఒప్పుకోవాలి. రక్తదాతల పట్టికలోనూ కొందరు ముద్దుపేరే రాశారు. అవసరం వచ్చిన రోజు ఆసుపత్రిలో గుర్తింపు కార్డుతో పేరు సరిపోక అరగంట పోయింది. ఆ పట్టికలో ఇకపై ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఉన్న పేరే రాయాలి, ముద్దుపేరు బ్రాకెట్లో.

వచ్చే ఏడాది

ఆగస్టు 29న గిన్నెల పేర్లు తీసుకుంటాం: దబర, తపేలా, గంజు, బగోనె, సర్వ, ఇంకా మీ ఇంట్లో ఏదుంటే అది. పాత ఇత్తడి పాత్ర ఒకటి తీసుకురండి. దాని పేరు చీటీ మీద రాసి అడుగున అంటించండి. పక్కన అంటిస్తే ముందు వచ్చినవాళ్లు చదివేసి ఆ పేరే చెబుతారు.