క్యారెట్ ఫ్రిజ్‌లోకి, చిలగడదుంప గోనె కిందికి

సంపాదకులకు,

సంక్రాంతి వచ్చిందంటే బెంగళూరు మిద్దెతోటల్లో దుంపలు తీతకొస్తాయి. దాంతోపాటే ఓ సలహా చేతులు మారుతుంటుంది: క్యారెట్లను తడి ఇసుకలో పేర్చి పెడితే నెలల తరబడి ఉంటాయని. ఆ పద్ధతి మంచు కురిసే దేశాలది. అక్కడి నేలమాళిగలో చలికాలమంతా 0 నుంచి 4 డిగ్రీలే కాబట్టి దుంపలో ఎదుగుదల ఆగిపోతుంది. మన ఇళ్లలో జనవరిలోనూ గది 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి తడి ఇసుక తోడైతే క్యారెట్ చిగురేస్తుంది, ఒళ్లంతా తెల్లటి పీచువేర్లు తొడుగుతుంది, ఆపైన కుళ్లుతుంది.

క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగికి ఇక్కడ ఫ్రిజ్ అడుగున ఉండే కూరల అరే గతి. తీసే ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి, పొద్దున్నే చుట్టూ మట్టి వదులు చేసి తీయాలి. పొడి మట్టిలో ఆకులు పట్టి లాగితే మెడ తెగి దుంప లోపలే ఉండిపోతుంది. తీయగానే ఆకు కోసేయాలి. అది ఉన్నంతసేపూ దుంపలోని నీటిని లాగేస్తూనే ఉంటుంది. మర్నాటికి క్యారెట్ రబ్బరులా వంగుతుంది. క్యారెట్‌కు సెంటీమీటరు కాడ చాలు. బీట్‌రూట్‌కు 3 నుంచి 5 సెంటీమీటర్ల కాడ, కింద తోక రెండూ ఉంచాలి, లేకుంటే ఉడికేటప్పుడు రంగంతా నీళ్లపాలు. కడగొద్దు. మట్టి ఆరాక దులిపి, నాలుగు చిల్లులు పెట్టిన కవరులో ఉంచాలి. పక్కన ఆపిల్ పండ్లు వద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుతో క్యారెట్ చేదెక్కుతుంది. (కోసిన ముల్లంగి ఆకు పారేసేవాళ్లున్నారు. పెసరపప్పులో వేసి చూడండి.)

అదనంగా రెండు వారాలు మట్టిలోనే ఉంచినా క్యారెట్‌కు పెద్ద నష్టం లేదు. ముల్లంగి అలా కాదు. పూసా చేత్కి రకం 40-45 రోజుల్లో తీయకపోతే లోపల డొల్లగా, బెండు బారుతుంది. హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) వారి అర్కా నిశాంత్ 50-55 రోజుల రకం, బెండును తట్టుకుంటుంది. ఊళ్లు తిరిగేవాళ్లకు అదే నయం.

చిలగడదుంప, కంద, చేమ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఇవి వేడి ప్రాంతాల పంటలు, ఫ్రిజ్ చలికి లోపలే చెడతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన చిలగడదుంప నడిమధ్య గట్టిపడి, ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. ముదిరిందో లేదో తెలియాలంటే ఒక దుంప కోసి చూడండి: కారిన పాలు తెల్లగానే ఆరితే తీయొచ్చు, నల్లబడితే ఇంకా లేత. తీశాక ఎండలో పోయకుండా, వెచ్చటి గదిలో బుట్టలో పరిచి, తడిపి గట్టిగా పిండిన గోనె కప్పి వారం పది రోజులు ఉంచాలి. 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ ఉంటే గీతలు పడినచోట కొత్త తొక్క కడుతుంది. ఈ పని ఎగ్గొట్టిన దుంపకు ఆ గీతల దగ్గరే బూజు మొదలవుతుంది. తర్వాత గోనె తీసేసి గాలి ఆడేచోట పెట్టుకోవాలి.

ముక్కుపురుగు తొలిచిన దుంపను మాత్రం నిల్వలో కలపొద్దు, మిగతావాటికీ పాకుతుంది. పాడైన భాగం కోసేసి తక్కినది వండుకుందామన్నా కుదరదు: చేదు దుంపంతా పాకి ఉంటుంది, అది విషం, పశువులకూ పెట్టకూడదు. మట్టి బీటలిచ్చినప్పుడే ఈ పురుగు దుంపదాకా దిగి గుడ్లు పెడుతుంది. అందుకని తీతకు నెల ముందునుంచే మొదళ్లకు మట్టి ఎగదోయాలి.

ఇసుక మీద అంతగా మోజుంటే దానికీ ఒక చోటుంది. పెద్ద మట్టికుండలో చిన్నకుండ పెట్టి, నడుమ సందులో ఇసుక నింపి, పొద్దునా సాయంత్రం తడుపుతూ, క్యారెట్లు చిన్నకుండలో వేసి నోటికి తడిబట్ట కప్పండి. ఫిబ్రవరి, మార్చి పొడిగాలికి ఇసుక తడి ఆరుతూ ఉంటుంది కాబట్టి లోపల బయటికన్నా బాగా చల్లగా ఉంటుంది. క్యారెట్లు కొన్నాళ్లు తాజాగా నిలుస్తాయి. చెన్నైలోని చుట్టాలకు మాత్రం ఇది చెప్పకండి, ఆ సముద్రపు తేమలో ఇసుక తడి ఆరదు, కుండ చల్లబడదు.

- ఒక మిద్దెతోట సాగుదారు, మారతహళ్లి, బెంగళూరు