3 టన్నుల జాకీ స్టాండ్ 350 కిలోలకే జారిపోయింది: కంపెనీకి ఫిర్యాదు లేఖ

కూకట్‌పల్లి,
హైదరాబాద్.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీరు అమ్మిన 3 టన్నుల జాకీ స్టాండ్ కారు బరువుకు జారిపోవడం, ఆ రకం స్టాండ్ల అమ్మకం ఆపి ఇప్పటికే కొన్నవాళ్ళను హెచ్చరించాలని కోరడం గురించి.

అయ్యా/అమ్మా,

గత నెలలో మీ వెబ్‌సైటులో కారును ఎత్తే ట్రాలీ జాకీ, ఎత్తిన కారును మోసి నిలబెట్టే రెండు జాకీ స్టాండ్లు కలిపి ఉన్న సెట్ కొన్నాను. ఆ రెండు స్టాండ్లలో ఒకటి, కారు బరువు దాని మీదకు వచ్చిన కాసేపటికే ఎత్తును పట్టి ఉంచే పళ్ళలో మూడు పళ్ళు కిందికి జారిపోయింది. అప్పటికి కారు కింద ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెబితే, "మీరు లోయరింగ్ స్ప్రింగులు వేస్తున్నారు, అది మాడిఫికేషన్ కిందికి వస్తుంది, వారంటీ వర్తించదు" అన్నారు. ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ కూడా పంపారు. ఏదీ పరిష్కారం కాలేదు. ఆ తర్వాత పంపిన ఈమెయిల్‌కు అందిందన్న జవాబు కూడా రాలేదు. అందుకే వివరంగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. ఖాళీ బండి బరువు 900 కిలోల దగ్గర ఉంటుంది. ముందు స్ప్రింగులు తీసి, కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేద్దామని ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనూ మా బామ్మర్దీ పని మొదలుపెట్టాం. ర్యాంపు వాలుకు దూరంగా, నేల సమంగా ఉన్న చోట బండి పెట్టాం. కింద పార్కింగ్ టైల్స్ ఉన్నాయి, స్టాండ్ కాళ్ళు ఒకే చోట ఒత్తితే పగులుతాయి కాబట్టి మందపాటి ప్లైవుడ్ ముక్కలు పరిచాం. హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేరులో ఉంచి, వెనక చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాం. బండి నేల మీద ఉండగానే వీల్ నట్లు అర చుట్టు వదులు చేశాం. ఎత్తాక బిగి మీదున్న నట్లతో కుస్తీ పడితే బండి ఊగుతుంది మరి. ఓనర్ మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ ఆనించి ఎత్తాం. స్టాండ్లను సిల్ (తలుపుల కింద పొడుగునా ఉండే అంచు) కింద గట్టిగా ఉండే గాట్ల దగ్గర పెట్టి, జాకీ వాల్వ్ కొద్దికొద్దిగా తిప్పుతూ బరువును నెమ్మదిగా స్టాండ్ల మీదకు దించాం. తర్వాత జాకీని మళ్ళీ పైకి తెచ్చి ఊరికే ఆనేలా ఉంచాం. విప్పిన చక్రాలను సిల్ కిందికి పడుకోబెట్టి తోశాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, "మీరు సరిగ్గా పెట్టి ఉండరు" అన్నది మీ వాళ్ళు చెప్పిన రెండో కారణం. సెల్లార్‌లో సీసీ కెమెరా ఉంది. మేం చేసిన పని మొత్తం అందులో ఉంది. కావాలంటే ఆ వీడియో పంపిస్తాను.

కారు కిందికి చెయ్యి పెట్టే ముందు బండిని ఊపి చూడాలి. ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) మీద చెయ్యి వేసి అటూ ఇటూ గట్టిగా తోశాను. రెండో తోపుకు కుడి స్టాండ్ నుంచి టకటకమని చప్పుడు వచ్చింది. "బావా, కుడి పక్క దిగుతోంది, వెనక్కి రా!" అని మా బామ్మర్ది అరిచాడు. అప్పటికే బండి కుడి పక్కకు ఒరిగి, మధ్యలో ఆనించి ఉంచిన జాకీ మీద ఆగింది. స్టాండ్ పైభాగం పక్కకు జరిగి సిల్ కింద రేకు వంచేసింది. జాకీని తీసేసి ఉంటే ఆ బరువంతా ఎడమ స్టాండ్ మీదకు వాలేది. ఆ తర్వాత మేం చేయబోయేది స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) కింది రెండు పెద్ద బోల్టులు విప్పడం. పొడుగాటి పానా వేసి ఒళ్ళంతా బలం పెట్టి లాగాలి, కొన్నిసార్లు సుత్తితో కొట్టాలి. స్ప్రింగు పనిలో బండి ఎక్కువగా ఊగేది అప్పుడే, చేతులు, భుజం, తల ఫెండర్ కింద ఉండేదీ అప్పుడే.

బండిని జాగ్రత్తగా దించేశాక రెండు స్టాండ్లనూ పక్కపక్కన పెట్టి మొబైల్ టార్చ్ వేసి చూశాం. లోపల పళ్ళ కమ్మీని పట్టుకొని ఉండే కొక్కెం ఒకటి ఉంటుంది కదా, స్టాండ్ ప్రాణం అంతా అందులోనే ఉంటుంది. ఎడమ స్టాండ్‌లో ఆ కొక్కెం పళ్ళ మధ్య అడుగు దాకా దిగి కూర్చుంది. కుడి స్టాండ్‌లో పన్ను కొసకు మాత్రమే తగులుతోంది. కింద ఖాళీ ఉంది, టార్చ్ వెలుతురు అవతలికి కనిపిస్తోంది. హ్యాండిల్‌ను చేత్తో అడుగు దాకా నొక్కినా కొక్కెం అంతకు మించి దిగదు. జారిన మూడు పళ్ళ కొసలు అరిగి రంగు పోయి తళతళలాడుతున్నాయి. కొక్కెం పక్కన పోత పోసినప్పుడు మిగిలిన ఇనుప బుడిపె ఒకటి ఉంది, గీసి నున్నగా చేయకుండానే రంగు వేసేశారు. అదే కొక్కేన్ని దిగనివ్వడం లేదని మా అభిప్రాయం. అవునో కాదో తేల్చాల్సింది మీ ఇంజనీర్లు. ఫొటోలు, వీడియో జత చేశాను.

లెక్క చూడండి. బండి 900 కిలోలు. ఇంజన్ ముందుంటుంది కాబట్టి ముందు భాగానికి బరువు ఎక్కువని తీసుకున్నా, ఒక్కో స్టాండ్ మీద పడేది 350 కిలోలకు మించదు. పెట్టె మీద మీరు రాసింది 3 టన్నులు. అది ఒక్కో స్టాండ్‌కా, రెండింటికీ కలిపా అన్నది పెట్టె మీదా లేదు, లోపలి కాగితంలోనూ లేదు. కలిపి అనే అనుకున్నా ఒక్కోటి 1,500 కిలోలు మోయాలి. అందులో నాలుగో వంతుకు కూడా ఇది ఆగలేదు.

మీ పేజీలో "డబుల్ లాక్" అని పెద్ద అక్షరాలతో ఉంది. అంటే పళ్ళ లాక్‌తో పాటు అడ్డంగా దూర్చే పిన్ కూడా ఉండాలి. నాకు వచ్చిన స్టాండ్లకు పిన్ దూర్చే బెజ్జం ఉంది, పిన్ లేదు. వాడకముందే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగాను. "ఈ మోడల్‌కు పిన్ అవసరం లేదు సార్, పళ్ళ లాకే చాలు" అన్నారు. ఆ కాల్ రికార్డు మీ దగ్గర ఉండాలి, దయచేసి వినండి. ఆ పిన్ ఉండి ఉంటే కొక్కెం జారినా స్టాండ్ దిగేది కాదు.

అదే పేజీలో ఇంకో ఫొటో ఉంది. ఒకాయన కారు కింద వెల్లకిలా పడుకొని నవ్వుతుంటాడు. కారు ట్రాలీ జాకీ మీదే నిలబడి ఉంటుంది, స్టాండ్ ఎక్కడా కనిపించదు. ఈ ఫొటో నాకు స్టాండ్ జారిన సంగతి కంటే ఎక్కువ బాధ కలిగించింది. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. లోపల ఉండేది నూనె. సీల్ కారినా, రిలీజ్ వాల్వ్ కొంచెం వదులైనా జాకీ దిగిపోతుంది. ఏ గ్యారేజీలోనైనా పని నేర్చుకునే కుర్రాడికి మొదట చెప్పే మాట ఇది. జాకీలు అమ్మే కంపెనీ సొంత పేజీలోనే దానికి విరుద్ధంగా చూపిస్తే, కొత్తగా కొన్నవాళ్ళు అదే సరైన పద్ధతి అనుకుంటారు. పైగా ఆ ఫొటో కింద "ఇంట్లోనే సస్పెన్షన్ పనులు చేసుకోండి" అని రాశారు. అమ్మేటప్పుడు సస్పెన్షన్ పనికే పనికొస్తుందని చెప్పి, స్టాండ్ జారాక సస్పెన్షన్ పని చేశారు కాబట్టి వారంటీ లేదనడం న్యాయం కాదు. పైన మార్చేది బ్రేక్ ప్యాడ్లయినా, సైలెన్సరయినా, స్ప్రింగులయినా స్టాండ్ మీద పడే బరువు అదే.

సెట్‌తో పాటు వచ్చిన కాగితం ఒకటే. దాని మీద బొమ్మలు తప్ప మాటలు లేవు. సమమైన గట్టి నేల మీదే వాడాలని, కొక్కెం పూర్తిగా దిగిందో లేదో కంటితో చూసుకోవాలని, ఒక్క జాకీ మీదే ఉన్న కారు కిందికి వెళ్ళవద్దని ఎక్కడా లేదు. రాణిగంజ్‌లో దుకాణానికి వెళ్ళి కొంటే స్టాండ్ చేతికిస్తారు, హ్యాండిల్ నొక్కి, పళ్ళు చూసుకొని తెచ్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొనేవాడికి ఆ అవకాశం లేదు. వాడికి మీ తనిఖీ, మీ కాగితమే దిక్కు. మీ స్టాండ్లు కొనేది నాలాంటి వాళ్ళు మాత్రమే కాదు. గ్యారేజీ ఖర్చు మిగుల్చుకుందామని ఆయిల్ తనే మార్చుకునే క్యాబ్ డ్రైవర్లు ఉన్నారు, రోడ్డు పక్కన చిన్న షెడ్డు వేసుకున్న మెకానిక్‌లు ఉన్నారు. వాళ్ళలో ఎవరి దగ్గరికి ఇలాంటి స్టాండ్ వెళ్ళిందో అన్న టెన్షన్ నాకు రోజూ ఉంది.

ఇలాంటి లోపం కొత్తది కాదు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే సంస్థ సుమారు 17 లక్షల జాకీ స్టాండ్లను వెనక్కి తీసుకుంది. తయారీ అచ్చులు పాతబడి, కొక్కెం పళ్ళలోకి తగినంత లోతుగా దిగకపోవడం, బరువు మీద ఉండగా స్టాండ్ ఉన్నట్టుండి దిగిపోయే ప్రమాదం ఉండడం అప్పట్లో చెప్పిన కారణాలు. వాటికి బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కొన్నింటికి వెల్డింగ్ లోపం ఉందని తేలితే వాటినీ వెనక్కి పిలిచారు. ఆ సంస్థ స్టాండ్లలో ఏం తప్పు జరిగిందో, ఏ చర్య తీసుకుందో బహిరంగంగా ఉన్న విషయాలే. అదే లక్షణం మీ స్టాండ్‌లో కనిపిస్తున్నప్పుడు ఒక్క కస్టమర్ ఫిర్యాదుగా మూసేయడానికి వీల్లేదు.

మన దగ్గర కూడా చట్టం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తయారీ లోపానికే కాదు, ప్రమాదం జరగకుండా సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడానికి కూడా తయారీదారు బాధ్యత వహించాలి. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మొదటి గడువు ఇప్పటికే దాటిపోయింది.

నేను కోరేది ఇది. నా స్టాండ్లు ఏ బ్యాచ్‌లో తయారయ్యాయో ఆ బ్యాచ్ అమ్మకం వెంటనే ఆపండి, గోడౌన్‌లో ఉన్న ప్రతి స్టాండ్ కొక్కేన్నీ బరువు పెట్టి తనిఖీ చేయించండి. కొన్నవాళ్ళందరి ఫోన్ నంబర్లూ మీ దగ్గర ఉన్నాయి. ఆఫర్ల మెసేజ్‌లు పంపినట్టే, తనిఖీ పూర్తయ్యేదాకా ఈ స్టాండ్లు వాడవద్దని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో మెసేజ్ పంపండి. ఆ ఫొటో తీసేయండి. పిన్ లేకుండా "డబుల్ లాక్" అని అమ్మకండి. ఎంత బరువు ఒక్కో స్టాండ్‌కు, ఎంత జతకు అన్నది పెట్టె మీద స్పష్టంగా రాయండి. నాకు సెట్ మొత్తానికి డబ్బు తిరిగి ఇవ్వండి, సిల్ రేకు సరిచేయించడానికి అయిన ఖర్చు కట్టండి. వీటిలో దేనినైనా వదులుకోమంటే చివరి రెండూ వదులుకుంటాను. అమ్మకం ఆపడం, కొన్నవాళ్ళను హెచ్చరించడం మాత్రం వదులుకోను.

జారిన స్టాండ్‌ను కడగకుండా, గీయకుండా ఎలా ఉందో అలాగే ఉంచాను. కొరియర్‌లో పంపమంటే పంపను. మీ ఇంజనీర్ వస్తే నా ముందే చూడవచ్చు, కొలతలు తీసుకోవచ్చు. తీసుకెళ్ళాలంటే ఫొటోలతో సహా రాతపూర్వకంగా రసీదు ఇచ్చి తీసుకెళ్ళండి. గడువులోగా రాతపూర్వక జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లోనూ, పైన చెప్పిన ప్రాధికార సంస్థలోనూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఇదే ఉత్తరాన్ని ఆధారాలతో సహా దాఖలు చేస్తాను.

భవదీయుడు,
మీ వినియోగదారుడు

జత చేసినవి: బిల్లు, రెండు స్టాండ్ల కొక్కేల ఫొటోలు, వీడియో, మీ వెబ్‌సైటు పేజీ స్క్రీన్‌షాట్లు, ఫిర్యాదు మూసేసినట్టు మీరు పంపిన మెసేజ్.